మా ఆయన ఇంటికి తెచ్చిన ఆవిడ

మా ఆయన గుంటూరు మిర్చి యార్డు పక్కన ఒక కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. అప్పటికి నాకింకా సర్వీసు మిగిలి ఉంది. ప్రత్తిపాడు వైపు ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. పొద్దున్నే క్యారేజీ కట్టుకుని నేను బస్సెక్కేదాన్ని. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని పేపరు తిరగేసేవారు. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి ఆ కుర్చీలోనే ఉండేవారు. "ఏం చేశారండీ ఇవాళ?" అంటే "ఏముంది చెయ్యడానికి" అనేవారు. అంతటితో ఆ రోజు మాటలు అయిపోయేవి. మొదటినుంచీ ఆయన మాటల మనిషి కాదు. పెళ్లైన కొత్తలో దాన్ని గాంభీర్యం అనుకుని మురిసిపోయాను. తర్వాత అలవాటుపడ్డాను.

అలాంటి మనిషి ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కోడికూరతో అన్నం తింటూ, ముద్ద చేతిలోనే పట్టుకుని, "ఆవిడ ఎంత బాగా రాసిందో తెలుసా!" అన్నారు.

గరిటె పట్టుకుని వడ్డిస్తున్నదాన్ని ఆగిపోయాను. "ఏ ఆవిడ?"

"అదే, మొన్న ఊరినుంచి తెచ్చిన పుస్తకంలో ఆవిడ."

పర్చూరు వైపు మా అత్తగారి ఊళ్లో దొరల కాలంనాటి మిషన్ బంగళా ఒకటి ఉండేది. దాన్ని పడగొట్టి పాస్టరు గారికి కొత్త ఇల్లు కట్టాలని చర్చి సంఘం వాళ్లు అనుకున్నారు. సామాను ఖాళీ చేస్తుంటే చెక్క బీరువాలో పాత పుస్తకాలు బయటపడ్డాయి. మా వైపు పాస్టరు గారిని అయ్యగారు అంటాం. ఆ ఊరి అయ్యగారు మా ఆయనకు ఫోన్ చేసి, "వందనాలండీ. చెదలు పట్టిన పుస్తకాలు చాలా ఉన్నాయి. మీకు చదివే అలవాటుంది కదా అని అడుగుతున్నా. కావాలంటే వచ్చి తీసుకెళ్లండి, లేదంటే తగలబెట్టించేస్తా" అన్నారు. మా ఆయన ఆ రోజే వెళ్లి, ఖాళీ మిర్చి గోతాల్లో వాటిని నింపుకుని ఆటోలో తెచ్చారు. గోతాలు విప్పగానే ఇల్లంతా దుమ్ము, ఘాటు. ఇద్దరం తుమ్మలేక చచ్చాం.

చాలావరకు కీర్తనల పుస్తకాలు, బైబిలు ప్రశ్నోత్తరాలు, ఇంగ్లీషు రిపోర్టులు. వాటి మధ్యలో ఒకటి అట్ట లేకుండా ఉంది. మొదటి పేజీలు చెదలు తినేశాయి, చివరివి కొన్ని ఊడిపోయాయి. వందేళ్లు దాటిన అచ్చు. అక్షరాలు పాత పద్ధతిలో, మాటల మధ్య అరసున్నలతో ఉన్నాయి. ఆ రోజుల్లో మిషన్ వాళ్లు ఊరూరా తిరిగి ఆడవాళ్లకు బైబిలు వాక్యం చెప్పడానికి, ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించడానికి మన పేటల్లోంచే కొందరు ఆడవాళ్లను తీసుకునేవారు. వాళ్లను బైబిలు స్త్రీలనేవారు. అలాంటి ఒకావిడ తన తిరుగుడు గురించి రాసుకున్న పుస్తకం అది. పేరు ఉండాల్సిన పేజీ చెదల పాలైంది. లోపల ఎక్కడ చూసినా "నేను" అనే ఉంది. అందుకని మా ఇంట్లో ఆమె పేరు "ఆవిడ" అయింది.

ఆ ఆదివారం తర్వాత మా ఆయనకు మాటలొచ్చాయి. నేను బస్సు దిగి చెప్పులు విడిచేలోపే మొదలుపెట్టేవారు. వానాకాలంలో నల్లరేగడి చేలకు అడ్డంపడి నడుస్తుంటే మట్టి కాళ్లకు పట్టుకుని, చెరో కాలికీ ఒక పిల్ల వేలాడుతున్నట్టు ఉండేదని ఆవిడ రాసిందట. మిరప కోతల కాలంలో కల్లం దగ్గర ప్రార్థన పెడితే, కళ్లు మూసుకున్న వాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు తుమ్మి, చివరికి ఆవిడా తుమ్మి, ప్రార్థన మానేసి అందరూ నవ్వుకున్నారట. ఆ మాట చెప్పి మా ఆయన పగలబడి నవ్వారు. ఆయన అలా నవ్వగలరని నాకు తెలియదు. నేను ఆ నవ్వు చూసి సంతోషించాలి కదా. నా ఒళ్లు మండింది.

మా బడిలో జరిగిన ఎన్ని నవ్వులాటలు ఇంటికొచ్చి చెప్పాను నేను! "ఊఁ" అనడం తప్ప ఒక్కదానికీ పెదవి కదిపిన మనిషి కాదు.

పుస్తకానికి సపర్యలు మొదలయ్యాయి. వరండాలో ఎండ తగలని చోట చాప పరిచి, దాన్ని విప్పి గాలికి పెట్టేవారు. పురుగు పట్టకుండా వసకొమ్ములు తెచ్చారు. కుంచెతో ఒక్కొక్క పేజీ దుమ్ము దులిపేవారు. వాన వచ్చి ఆరేసిన బట్టలు తడుస్తుంటే లేవని మనిషి, రెండు చినుకులు రాలగానే పుస్తకాన్ని గుండెకు హత్తుకుని లోపలికి పరుగెత్తారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

ఒకరోజు, "నీ పాత చీర ఏదన్నా ఉంటే ఇస్తావా? బాగా ఉతికి మెత్తబడింది" అన్నారు.

"దేనికి?"

"పుస్తకం చుట్టడానికి. కొత్త గుడ్డ గరుగ్గా ఉంటుంది."

"నా చీర ఆవిడకెందుకు కట్టబెట్టాలి?" అన్నాను.

ఆయన వేళాకోళం అనుకుని నవ్వారు. నేను చీర ఇవ్వలేదు. చివరికి ఆయన తన పాత పంచె చింపుకున్నారు. దాంతో నాకు ఇంకా మండింది.

మా చెల్లెలు ఒంగోల్లో ఉంటుంది. ఒకసారి ఫోన్ చేసి, "బావ ఏం చేస్తున్నాడే అక్కా? రిటైరయ్యాక బోర్ కొట్టడం లేదా?" అని అడిగింది.

"ప్రేమలో పడ్డాడు."

"ఛ, ఎవరితోనే?"

"కంగారుపడకు. ఆవిడ చచ్చిపోయి చాలా కాలమైంది."

సంగతంతా విని అది పడీపడీ నవ్వింది. "బతికున్నావిడైతే వెళ్లి జుట్టు పట్టుకునేదానివి. దీనికేం చేస్తావే?" అంది. నేనూ నవ్వాను కానీ, ఫోన్ పెట్టేశాక అదే మాట బుర్రలో తిరిగింది. నిజమే. బతికున్న మనిషి ఏదో ఒకరోజు తప్పు మాట్లాడుతుంది, ముసలిదవుతుంది, విసుక్కుంటుంది. ఆవిడకు ఆ ప్రమాదం లేదు. పైగా భక్తురాలు. అయ్యగారి దగ్గరికి వెళ్లి చెప్పుకోవడానికి కూడా లేదు. మా చర్చిలో స్త్రీల సమాజం వాళ్లు మా ఆయన్ని పిలిచి ఆవిడ గురించి మాట్లాడించారు. అందరూ "ఎంత గొప్పావిడో!" అని కళ్లు తుడుచుకున్నారు. నేనూ ఆ పక్కనే కూర్చుని తల ఊపాను. మా పక్కింటి టీచరు నా చెయ్యి నొక్కి, "మీరు అదృష్టవంతులండీ, ఇంట్లో రోజూ వింటారు" అంది.

ఆ ఏడు నా పుట్టినరోజు ఆయనకు గుర్తులేదు. మామూలుగానే గుర్తుండదు, దానికి బాధపడటం ఎప్పుడో మానేశాను. కానీ సరిగ్గా ఆ రోజు పొద్దున కాఫీ తాగుతూ, "ఆవిడ పుట్టింది జొన్న కోతలప్పుడు అయ్యుండాలి. తను పుట్టినప్పుడు వాళ్లమ్మ చేలో కంకులు కోస్తోందని ఒకచోట రాసింది" అన్నారు. నేను కాఫీ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆయన ఆవిడ ఎవరో కనిపెట్టాలనుకున్నారు. పుస్తకంలో ఒకచోట, సాయంకాలం తను నివాసమున్న ఊరి నుంచి చూస్తే దూరంగా కొండ మీద గుడి కనపడుతుందని, గాలి మళ్లినప్పుడు సముద్రం వాసన వస్తుందని రాసి ఉంది. అది సింగరాయకొండ దగ్గర ఊరే అయ్యుండాలని ఆయన తేల్చారు. ఆ చుట్టుపక్కల పాత క్రైస్తవ సమాధులు వెతుకుదామని బయలుదేరారు. నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. ఆవిడ మీద ప్రేమతో కాదు. ఒక ఆడమనిషి సమాధి వెతుక్కుంటూ మొగుడు ఒక్కడూ వెళ్తుంటే ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం దాకా రెండు మూడు ఊళ్లు తిరిగాం. ఒక ఊళ్లో సమాధులన్నీ సర్కారు తుమ్మలో కప్పబడి ఉన్నాయి. మా ఆయన కర్ర తీసుకుని ముళ్లు తప్పిస్తూ ఒక్కొక్క రాయి దగ్గర వంగి చదువుతున్నారు. చొక్కా చిరిగింది, మోచెయ్యి గీరుకుపోయింది. అటుగా గేదెల్ని తోలుకెళ్తున్న ముసలాయన ఆగి, "ఎవరికోసం ఎతుకుతున్నారయ్యా?" అని అడిగాడు.

"పాతకాలం బైబిలు స్త్రీ ఒకావిడండీ. పేరు తెలీదు."

"పేరు తెలీకుండా ఎట్టా దొరుకుద్దయ్యా?" అని ముసలాయన నా వైపు తిరిగి, "మీకేవవుతాదమ్మా?" అన్నాడు.

నాకేమవుతుందో ఏమని చెప్పను? "మా ఆయనకు తెలిసినావిడ" అన్నాను. ముసలాయన అర్థమైనట్టు తలాడించి వెళ్లిపోయాడు.

సమాధి దొరకలేదు.  తిరుగు ప్రయాణంలో బస్సు ఒంగోలు దాటాక, కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ, "ఒక్క పూట ఆవిడతో కూర్చుని మాట్లాడే అవకాశం ఉంటే ఎంత బాగుండు" అన్నారు.

నేను ఆపుకోలేకపోయాను. "నాతో మాట్లాడండి. ఇక్కడే ఉన్నాగా."

ఆయన నా వైపు తిరిగి, ఏ మాత్రం చెడు ఉద్దేశం లేకుండా, "నీతో ఏం మాట్లాడను? నీవన్నీ లెక్కలు కదా" అన్నారు.

గుంటూరు వచ్చేదాకా కళ్లు మూసుకుని నిద్ర నటించాను. చిలకలూరిపేట దగ్గర బస్సు ఆగితే టీ తెచ్చి తట్టారు. లేవలేదు.

అప్పటికే ఆయన పుస్తకం మొత్తాన్ని కంప్యూటరులో టైపు చేసి అచ్చు వేయించాలని మొదలుపెట్టారు. రెండు వేళ్లతో కొట్టేవారు. సగం అయ్యేసరికి కంట్లో శుక్లం ముదిరింది. గుంటూర్లోనే ఆపరేషన్ చేయించాం. చుక్కల మందు, నల్ల కళ్లద్దాలు, వంగకూడదు, కంప్యూటరు చూడకూడదు. ఒక కన్ను నయమయ్యాక రెండోది. అంటే కొన్ని వారాలపాటు చదువు బంద్. ఆయన మంచం మీద వెల్లకిలా పడుకుని, "మిగతాది నువ్వు చదివి పెడతావా? అలాగే టైపు కూడా..." అని నసిగారు.

వేసవి సెలవులు. తప్పించుకోవడానికి సాకు లేదు. ఆవిడ గొంతును నా నోటితో ఆయనకు వినిపించాలి, అదీ నా రాత. ముక్కు మూసుకుని మందు తాగినట్టు మొదలుపెట్టాను.

మొదటి రెండు రోజులు అక్షరాలే అడ్డంపడ్డాయి. మూడో రోజుకో నాలుగో రోజుకో ఆ భాష నాలుకకు పట్టింది. ఒక ఊళ్లో ఎవరూ మంచినీళ్లు ఇవ్వకపోతే ఆవిడ బావి గట్టున కూర్చుని, నీళ్లు తోడుకునే వాళ్లందరికీ పాట నేర్పుతూ కూర్చుందట. చివరికి ఒక పిల్ల చాటుగా వచ్చి దోసిట్లో పోసిందట. ఇంకోచోట మిరపకాయలు తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్య కూర్చుని, ఊరికే వాక్యం చెబితే వినరని తనూ తొడిమలు తీసిందట. సాయంత్రానికి చేతులు మంటెక్కి పలక పట్టుకోలేకపోయిందట. మా అమ్మ అదే పని చేసింది. మా అమ్మ రాత్రిళ్లు చేతులకు వెన్న రాసుకుని, అన్నం మాకు చెంచాతో కలిపేది. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన సంగతని కూడా అనుకోలేదు. చదువుతూ చదువుతూ ఆపేశాను.

"ఏమైంది?" అన్నారు మంచం మీద నుంచి.

"ఏం లేదు. అక్షరం కనపడలేదు."

మా ఆయన ఈ పేజీలు ఎన్నోసార్లు చదివి, నాకెన్నో సంగతులు చెప్పారు. ఈ తొడిమల సంగతి మాత్రం చెప్పలేదు. ఆయనకు వాన, వెన్నెల, నవ్వులు గుర్తున్నాయి. ఈ మంట గుర్తులేదు. నాకెందుకో ఆయన మీద కోపం వచ్చింది. ఇన్ని నెలలు ఆవిడతో కూర్చున్నది ఈయన, ఆవిడ చేతులు చూడనేలేదు అనుకున్నాను.

అక్కడి నుంచి నా అసూయ దిక్కు మార్చుకుంది. ఆవిడ నాకు దొరక్కుండా ముందు ఈయనకు దొరికిందేమిటన్న బాధ పట్టుకుంది. దానికి తోడు, నేను చదువుతుంటే కళ్లు మూసుకునే, "ఆగు, ఇప్పుడు ఆ పిల్ల తల్లి వచ్చి తిడుతుంది చూడు" అని ముందే చెప్పేసేవారు. సినిమా హాల్లో పక్క సీటు మనిషిలాగా. "నన్ను చదవనివ్వండి!" అని అరిచాను ఒకసారి. ఆయన భయపడి నోరు మూసుకున్నారు. ఆ తర్వాత ఆయన పడుకున్నాక పగలు నేను ఒక్కదాన్నే కూర్చుని ముందు పేజీలు చదువుకునేదాన్ని. ఆయన లేచాక, చదవనట్టే మళ్లీ వినిపించేదాన్ని. ఆవిడతో ఆ ఒంటరి గంట నాది.

అలా చదువుతుండగా ఆ రెండు పేజీలు తగిలాయి.

ఒక ఊళ్లో ఆవిడ ఏళ్లకేళ్లు ఇంటి చూర్ల కింద కూర్చుని, తల్లుల కాళ్లావేళ్లా పడి, ఆడపిల్లల్ని పోగుచేసి అక్షరాలు నేర్పింది. చివరికి మిషన్ వాళ్లు అక్కడ బడి కట్టారు. బడి తెరిచే రోజు దొరసాని బండి మీద వచ్చింది. పూలదండలు వేశారు, పాటలు పాడారు, దొరసాని పేరు రాతి మీద చెక్కించి గోడకు పెట్టారు. ఆవిడ వెనక నిలబడి, ఏడుస్తున్న ఒక పిల్లను ఎత్తుకుని ఆడిస్తోంది. తన కడుపు మండిపోయిందని ఆవిడ రాసుకుంది. ఆ దొరసాని మంచిదే, తనకు జ్వరం వస్తే పక్కన కూర్చుంది, అయినా ఆ రోజు ఆమె మొహం చూడలేకపోయానని రాసింది. దొరసాని చేసిన ప్రార్థనకు ఆమేన్ అనలేకపోయానని రాసింది. తర్వాత పశ్చాత్తాపపడ్డానని గానీ, దేవుడు ఆ మంట తీసేశాడని గానీ ఒక్క మాట లేదు. మర్నాడు పక్క ఊరికి నడిచివెళ్లానని ఉంది, అంతే.

ఆ పేజీలు నాలుగైదుసార్లు చదివాను. గ్లాసెడు మంచినీళ్లు తాగి వచ్చి మళ్లీ చదివాను.

ఆ సాయంత్రం ఆయనకు వినిపించబోతే, చెయ్యి అడ్డం పెట్టి, "అది వదిలెయ్. అచ్చులో ఆ రెండు పేజీలు తీసేద్దామనుకుంటున్నా" అన్నారు.

"ఎందుకు?"

"బాగోదు. వాక్యం చెప్పే మనిషి, పక్కవాళ్లను చూసి కుళ్లుకున్నానని రాసుకుంటే చదివేవాళ్లు ఏమనుకుంటారు? ఆవిడ గౌరవం పోతుంది."

"ఆవిడే రాసి, ఆవిడే అచ్చు వేయించుకుందిగా. మధ్యలో మీకేం నష్టం?"

"ఏదో ఆవేశంలో రాసుంటుంది."

"ఆవేశంలో రాస్తే అచ్చయ్యేలోపు తీసేసుకునేది. ఉంచింది."

ఆయన నల్ల కళ్లద్దాలు తీసి నా వైపు చూడబోయారు. తియ్యకూడదని మళ్లీ పెట్టుకున్నారు. "నీకెందుకింత పట్టుదల?"

కారణం చెప్పదలచుకోలేదు. "ఈ పేజీలు తీసేస్తే మిగతా పుస్తకం మీరే టైపు చేసుకోండి. నేను చెయ్యను" అని లేచి వచ్చేశాను.

రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు చుక్కల మందు వేస్తుంటే, "సరే, ఉండనీ" అన్నారు. అలా ఆ పేజీలు మిగిలాయి.

పుస్తకం అచ్చుకు వెళ్లేముందు, పాత మాటలకు అర్థాలు రాయడానికి, ముందుమాట రాయడానికి యూనివర్సిటీలో తెలుగు చెప్పే ఒక అమ్మాయి సాయం చేసింది. మంచి పిల్ల. ఇంటికొచ్చి, పీట మీద కూర్చుని, నేను పెట్టిన గారెలు తింటూ ప్రతి మాటా అడిగి రాసుకుంది. గుంటూర్లో మా చర్చి హాల్లోనే ఆవిష్కరణ పెట్టారు. ఆ అమ్మాయి వేదిక మీద మాట్లాడుతూ, సరిగ్గా ఆ బడి తెరిచిన రోజు పేజీలు తీసి చదివింది.  స్త్రీల సమాజం వాళ్లలో ఎవరో ముక్కు చీదారు. చదవడం అయిపోయాక, "ఇలాంటి పేజీలను భక్తి పేరుతో కత్తిరించేసే వాళ్లు చాలామంది. మన సంపాదకులు ఉంచారు. అది చిన్న ధైర్యం కాదు" అని మా ఆయన వైపు చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. అయ్యగారు లేచి శాలువా కప్పారు.

మా ఆయన మైకు దగ్గరికి వచ్చారు. నేను మూడో వరుసలో కూర్చున్నాను. ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని, వందనాలు చెప్పి, "ఈ పనిలో నా భార్య కూడా సహకరించింది" అన్నారు. ఆ తర్వాత కుర్చీలు, షామియానా సర్దిన యూత్ వాళ్లు కూడా సహకరించారని చెప్పారు. ఆ మాటే, అదే గొంతుతో.

పక్కింటి టీచరు మళ్లీ నా చెయ్యి నొక్కింది. నాకు ఆ చెయ్యి విదిలించుకోవాలనిపించింది. వేదిక మీద శాలువాతో ఆయన ఎంత బాగున్నారో చూస్తూ, కడుపులో మంట పెట్టుకుని కూర్చున్నాను. అంత మందిలో ఆ పేజీ ఎవరికి అర్థమైందని అడిగితే, ఆ నిమిషాన నాకంటే ఎక్కువ అర్థమైన మనిషి లేదని చెప్పగలను.

ఇంటికి వచ్చాక శాలువా మడతపెడుతూ అడిగాను. "ఆ పేజీలు ఎవరు ఉంచమన్నారో చెప్పొచ్చుగా?"

 "చెబుదామనే వెళ్లా. చప్పట్లు కొడుతుంటే... బాగా అనిపించింది. పోగొట్టుకోవాలనిపించలేదు" అన్నారు.

అంత నిజం చెప్పిన మనిషిని తిట్టబుద్ధి కాలేదు. అలాగని మనసు చల్లబడలేదు. మర్నాడు ఆయనే ఆ అమ్మాయికి ఫోన్ చేసి జరిగింది చెప్పారు. రెండో ముద్రణలో తప్పకుండా రాస్తామని ఆ అమ్మాయి అంది. రెండో ముద్రణ ఇంతవరకు రాలేదు.

ఆవిడ మాత్రం మా ఇంట్లోంచి వెళ్లిపోయింది. జనం ఆవిడ మాటల్ని వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకున్నారు. ఒంగోలు వైపు ఒక సంఘం వాళ్లు ఆవిడ తమ ఊరి మనిషే అన్నారు. ఇంకొకరు ఆవిడ బొమ్మ గీసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. తెల్లటి చీర, నున్నగా దువ్విన ముడి, సన్నటి వేళ్లు, మల్లెపువ్వులాంటి రంగు. మా ఆయన ఫోన్ నా ముందుకు జరిపారు. ఇద్దరం ఒకేసారి, "ఆవిడ ఇలా ఉండదు!" అన్నాం. కాళ్లకు మట్టి ఏది, చేతులు అలా ఎలా ఉంటాయి అని ఆ సాయంత్రమంతా ఆ బొమ్మను తిట్టుకుంటూ కూర్చున్నాం. పెళ్లైన ఇన్నేళ్లలో మేం అంతసేపు ఒక సంగతి మీద మాట్లాడుకున్నది అప్పుడే.

ఆ ఏడాదే నేనూ రిటైరయ్యాను. నాతో పనిచేసిన ఒక టీచరు పిడుగురాళ్లలో ఉంటుంది. వాళ్ల మామగారి తాత బడిపంతులట. అటక మీద ఆయన పెట్టె ఉంది, పారేస్తున్నామంది. మా ఆయనకు చెప్పకుండా బస్సెక్కాను. పెట్టెలో చాలావరకు పంచాంగాలు, చినిగిన వాచకాలు. అడుగున ఒక లెక్కల పుస్తకం దొరికింది. ఎప్పటిదో, ఆడపిల్లల బళ్ల కోసం రాసిన పుస్తకమట. కుంచాలు, మానికలు, పత్తి బస్తాలు, బావిలో నీటి మట్టం. ఒక లెక్కలో తోడికోడళ్లిద్దరూ మిరపకాయలు కోస్తారు, ఒకామె గబగబా కోస్తుంది, ఇంకొకామె కబుర్లు చెబుతూ కోస్తుంది, చేను ఎప్పటికి పూర్తవుతుంది అని ప్రశ్న. లెక్క చివర రాసినాయన, కబుర్లు లేకపోతే చేను ఇంకా ఆలస్యమవుతుంది కాబట్టి వాటిని తీసివెయ్యరాదు అని ఒక గమనిక పెట్టాడు.

ఇన్నేళ్లు లెక్కలు చెప్పాను. ఒక లెక్క చదివి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వడం అదే మొదలు.

ఇప్పుడు వరండాలో ఆ కుర్చీ నాది. పొద్దున్నే పెన్సిలు పట్టుకుని కూర్చుంటాను. ఒక్కొక్క లెక్కా చేసుకుంటూ వెళ్తాను. మధ్యమధ్యలో నవ్వుకుంటాను. మొన్న అలాగే నవ్వుతుంటే మా ఆయన పేపరు దించి చూశారు.

"ఏంటంత నవ్వు?"

"ఏం లేదు. లెక్క."

తన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నారు. "ఏదీ, చదువు. నేనూ వింటా."

"మీకు అర్థం కాదులెండి. ఇవన్నీ లెక్కలు కదా."

ఆ మాట తగిలిందని మొహంలో తెలిసింది. నాకేం జాలి వెయ్యలేదు. పేపరు మడిచి, ఏమీ పట్టనట్టు గొంతు పెట్టి, "రాసిందెవరో తెలిసిందా?" అని అడిగారు.

"బాపట్ల వైపు మనిషట. బళ్లో పంతులు."

"మంచి హాస్యం ఉన్న మనిషిలా ఉన్నాడే."

"చాలా."

ఆయన కాసేపు వీధిలోకి చూశారు. మిర్చి లారీ ఒకటి వెళ్లింది. తర్వాత నా వైపు తిరక్కుండానే, "పెళ్లైన మనిషేనా?" అన్నారు.

నేను తర్వాతి లెక్కలోకి వెళ్లాను.